దేవగన్నేరు కింద ఏ మొక్కలు వేయాలి?

దేవగన్నేరు కింద ఏం వేయమంటారని ఎవరడిగినా, ముందు ఆకు చివర చూసి రమ్మంటాను. మొన తేలి ఉంటే అది ప్లుమేరియా రూబ్రా. చలికో, నీటి ఎద్దడికో ఆకులన్నీ రాల్చేసి మోడులా నిలబడే రకం. ఆకు చివర గుండ్రంగా ఉండి తెల్లటి పూలు పూస్తే ప్లుమేరియా ఒబ్ట్యూసా. దాని కింద ఏడాదిలో ఎక్కువ కాలం నీడ ఉంటుంది. ఈ తేడా తెలియకుండా మొక్కలు తెస్తే నీడ కోరేవి మాడిపోతాయి, ఎండ కోరేవి పూయకుండా సన్నగా సాగిపోతాయి.

మా పెరట్లో ఉన్నది ఎర్ర పూల రూబ్రా. అందుకే దాని సంగతే చెబుతాను.

రంగులు తర్వాత, ముందు నీళ్లు. ఈ చెట్టు లావుపాటి కొమ్మల్లో నీరు దాచుకుంటుంది. ఆకులు లేని నెలల్లో దానికి నీళ్లు దాదాపు అక్కర్లేదు. ఆ సమయంలో కింద రోజూ తడి అడిగే మొక్కలుంటే, వాటికి పోసే నీరు దీని వేళ్లను కుళ్లబెడుతుంది. కాండం నొక్కితే మెత్తగా తగిలిందంటే కుళ్లు పట్టినట్టే. మెట్టతామర, ఫెర్న్, కోలియస్ ఎంత నచ్చినా వాటికి వేరే చోటు చూడండి.

నాకు అన్నిటికంటే నచ్చిన జోడీ రెయిన్ లిల్లీ. వాన పడగానే పూస్తుంది, పొడి రోజుల్లో దుంప మట్టిలో ఊరికే ఉండిపోతుంది. చెట్టుకూ దానికీ విశ్రాంతి ఇంచుమించు ఒకేసారి వస్తుంది కాబట్టి నీళ్ల టెన్షన్ ఉండదు. దుంపల్ని రెండంగుళాల లోతున గుంపులుగా పెడితే బాగుంటుంది, వరసగా పెడితే అంత అందం రాదు.

అయితే రెయిన్ లిల్లీ ఒక్కటే సరిపోదు. చెట్టు మోడుగా ఉన్నప్పుడు కింద కంటికి ఆనేది ఏదైనా కావాలి. ఆకు అడుగున ఊదారంగు ఉండే రియో, నిటారుగా పెరిగే స్నేక్ ప్లాంట్ ఆ పని చేస్తాయి. రెండూ ఎండనీ, పలచటి నీడనీ, నీటి ఎద్దడినీ తట్టుకుంటాయి. ఎండ బాగా తగిలే అంచున నాచు పూలు గానీ బిళ్లగన్నేరు గానీ వేయండి.

దేవగన్నేరు పువ్వులో తేనె ఉండదు. రాత్రిపూట వాసనతో చిమ్మటల్ని రప్పించుకుంటుంది గానీ వాటికి దక్కేదేమీ లేదు. తోటలో సీతాకోకచిలుకలు తిరగాలంటే దగ్గర్లో పెంటాస్ ఉండాల్సిందే. దానికి నీళ్లు కాస్త ఎక్కువే కావాలి కాబట్టి చెట్టుకు నాలుగడుగుల దూరంలో వేయండి.

మందారాన్ని మాత్రం పక్కన పెట్టొద్దని గట్టిగా చెబుతాను. బొప్పాయి పిండినల్లి అనే తెల్లటి పురుగు మందారం మీదా, దేవగన్నేరు మీదా కూడా చేరుతుంది. ఒకదానికి పడితే రెండోదాన్ని కాపాడుకోవడం కష్టం.

నేలంతా దట్టంగా అల్లుకునే తీగలూ వద్దు. వానాకాలంలో ఈ ఆకుల అడుగున నారింజ రంగు పొడిలా తుప్పు తెగులు వస్తుంది. రాలిన ఆకుల్ని ఎప్పటికప్పుడు ఏరి తీసేయాలి. తీగల మధ్య చిక్కుకుంటే అవి కనబడవు, తెగులు అక్కడే ఉండిపోతుంది.

నాటడానికి చెట్టు కొత్త చిగురు వేసే సమయం మంచిది. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి పార వాడకండి, చిన్న తాపీతో చిన్న గుంటలు తీసి చిన్న మొక్కలే పెట్టండి. కాండం చుట్టూ ఒకటిన్నర అడుగు మేర ఏమీ వేయకుండా వదిలేయండి, ఎండుటాకులు పరిచినా కాండానికి తగలనివ్వకండి. వంగి పని చేస్తుంటే కొమ్మలు విరుగుతాయి, విరిగిన చోట కారే పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కళ్లు నలపకండి.