రక్తంలో మందు కొలవడం, 5వ పాఠం: 0.999 వచ్చినా తప్పే

పోయిన పాఠం తర్వాత చాలామంది ఒకటే అడిగారు. ఆర్ స్క్వేర్ (పాయింట్లు గీతకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, 1 అయితే అన్నీ గీత మీదే) 0.999 వచ్చింది, మరి తక్కువ గాఢత క్యూసీ (గాఢత ముందే తెలిసిన, సరిచూసుకునే శాంపిల్) ఎందుకు ఫెయిలవుతోంది? వెయిటింగ్ (గీత గీసేటప్పుడు ఏ పాయింటుకి ఎంత బరువివ్వాలన్నది) గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టడం నా పొరపాటు. కాలమ్ (మందుని మిగతావాటి నుంచి విడదీసే గొట్టం) ఎంపిక వచ్చే పాఠంలో చూద్దాం, ముందు ఇది తేల్చాలి.

శాంపిల్ తయారీ మీకు తెలిసిందే. ఒక వంతు ప్లాస్మాకి మూడు వంతుల అసిటోనైట్రైల్ (ప్రోటీన్లని విడగొట్టి అడుక్కి దించే ద్రావకం), వోర్టెక్స్ (గట్టిగా కుదపడం), సెంట్రిఫ్యూజ్. ఇంటర్నల్ స్టాండర్డ్ (పోలిక కోసం ప్రతి శాంపిల్‌లో ఒకే మోతాదులో కలిపే పదార్థం) మాత్రం సెంట్రిఫ్యూజ్‌కి ముందే పడాలి. పైన తేరిన ద్రవంలో నేనైతే అంతే నీళ్లు కలిపి ఇంజెక్ట్ చేస్తాను. లేకపోతే సీ18 కాలమ్ మీద ముందుగా వచ్చే పీకులు (గ్రాఫ్‌లో కనిపించే శిఖరాలు) వెడల్పవుతాయి.

ఇక గీత, అంటే తెలిసిన గాఢతలకి పరికరం ఇచ్చే అంకెల మీదుగా గీసే కాలిబ్రేషన్ గీత. కార్బమజెపిన్ (మూర్ఛ మందు) స్టాండర్డ్లు, అంటే గాఢత తెలిసిన శాంపిళ్లు, మి.లీ.కి 0.5, 1, 2, 5, 10, 20 మైక్రోగ్రాములు అనుకోండి. ఏరియా రేషియోలు (మందు పీకు వైశాల్యాన్ని ఇంటర్నల్ స్టాండర్డ్ పీకు వైశాల్యంతో భాగిస్తే వచ్చేవి) వరసగా 0.05, 0.10, 0.20, 0.50, 1.00, 1.90. అంటే చివరిది ఒక్కటే 5 శాతం తగ్గింది. వెయిటింగ్ లేకుండా గీస్తే వాలు 0.0952, ఇంటర్‌సెప్ట్ (గాఢత సున్నా దగ్గర గీత ఎత్తు) 0.0141, ఆర్ స్క్వేర్ 0.9993. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇప్పుడు 0.05 రేషియోని అదే గీతలో పెట్టి గాఢతని వెనక్కి లెక్కేయండి. 0.5 రావాల్సిన చోట 0.38 వస్తుంది. పాతిక శాతం తక్కువ! ఐసీహెచ్ ఎం10 (శాంపిళ్లలో మందు కొలిచే పద్ధతుల అంతర్జాతీయ మార్గదర్శకం) ప్రకారం అట్టడుగు స్టాండర్డ్‌కి 20 శాతం, మిగతావాటికి 15 శాతం దాకానే తేడా ఒప్పుకుంటారు.

20 దగ్గర ఆ 5 శాతం తేడా విలువ 0.10. అట్టడుగు స్టాండర్డ్ మొత్తం రేషియోనే 0.05! గీతకి శాతాలు తెలియవు, అంకెల్లో పెద్ద తేడా ఎక్కడుంటే అటే ఒరుగుతుంది. ఆర్ స్క్వేర్ కూడా ఆ పెద్ద అంకెలనే చూస్తుంది. అందుకే ఆర్ స్క్వేర్ ఒక్కటే రాసి పంపిన రిపోర్టు చూస్తే నాకు కోపం వస్తుంది. డోసు వేసిన చాలా గంటల తర్వాత తీసిన శాంపిళ్లు ఈ అడుగు భాగంలోనే పడతాయి. అర్ధాయువు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) లెక్క వాటి మీదే నిలబడుతుంది.

పై పాయింటు తీసేయకండి, గీతని బలవంతంగా సున్నాకి లాగకండి. సాఫ్ట్‌వేర్‌లో వెయిటింగ్ ‘ఒకటి బై ఎక్స్ స్క్వేర్’ (ఎక్స్ అంటే గాఢత) పెట్టండి. వాలు 0.0985, ఇంటర్‌సెప్ట్ 0.001 అవుతాయి. 0.5 కాస్తా 0.497గా వస్తుంది. 20 మాత్రం 19.3కి దిగుతుంది, అది 4 శాతం లోపే.

అభ్యాసం: ఇవే అంకెలతో ‘ఒకటి బై ఎక్స్’ వెయిటింగ్ చేతితో, కాగితం మీద చేయండి. ఆరు స్టాండర్డ్లూ వెనక్కి లెక్కేసి, ఒక్కోదాని శాతం తేడా పట్టిక రాయండి. వాలు 0.0968 రాకపోతే మొదటి నుంచి మళ్లీ చేయండి. ఆ తర్వాత మీ సొంత పాత రన్లు మూడు తీసి ఇదే పట్టిక వేయండి.