ట్రైనింగ్ స్లైడ్‌లో కనిపించే శాతాన్ని నమ్మే ముందు ఎలా చెక్ చేసుకోవాలి?

ఆఫీసులో కమ్యూనికేషన్ ట్రైనింగ్‌కి ఒక్కసారైనా కూర్చున్నవాళ్లకి ఈ స్లైడ్ కొత్త కాదు: ఎదుటివాళ్లపై మన మాటల ప్రభావం 7 శాతం, గొంతుది 38, బాడీ లాంగ్వేజ్‌ది 55. నేనూ చాలాకాలం ఇదే చూపించాను. ఓసారి వెనక వరుసలోంచి ఒకమ్మాయి, "అయితే సార్, పొద్దున్నుంచి మీరు చెప్పినదాంట్లో మాకు పనికొచ్చేది 7 శాతమేనా?" అనడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ జవాబు మాత్రం దొరకలేదు. అప్పట్నుంచి ఏ అంకె కనిపించినా ఇలా చెక్ చేస్తున్నాను.

మొదట, ఆ అంకె నిజమే అనుకుని మామూలు జీవితంలో పెట్టి చూడండి. మీకు మలయాళం రాదనుకుందాం, సబ్‌టైటిల్స్ తీసేసి ఒక మలయాళం సినిమా పెట్టుకోండి. ముఖాలు కనిపిస్తున్నాయి, గొంతులు వినిపిస్తున్నాయి, అంటే లెక్క ప్రకారం 93 శాతం అర్థమైపోవాలి. పది నిమిషాలు చూశాక ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో చెప్పండి చూద్దాం.

తర్వాత, అసలు ఎవరు కొలిచారు, ఏం కొలిచారు అని వెతకండి. కాస్త టైమ్ పట్టేది ఇక్కడే, కానీ అసలు విషయమంతా ఇక్కడే దొరుకుతుంది. ఈ 7-38-55 వెనకున్నది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికన్ సైకాలజీ ప్రొఫెసర్, 1967లో వచ్చిన రెండు చిన్న ప్రయోగాలు. ప్రసంగాలు కాదు, ప్రెజెంటేషన్లు కాదు, విడివిడి మాటలు. ఒకదాంట్లో 'మేబీ' అనే ఒకే మాటని ఇష్టంగా, అయిష్టంగా, మామూలుగా పలికి రికార్డు చేసి, దానితోపాటు ముఖం ఫోటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా కాదా అని అడిగారు. 55 శాతం అన్నది ఆ ముఖాలకి సంబంధించిందే, చేతులూ నిలబడే తీరూ అందులో లేనే లేవు! మనింట్లో ఎవరైనా ముఖం ముడుచుకుని "ఏం లేదులే" అంటే మనం మాటని నమ్మం, ముఖాన్నే నమ్ముతాం కదా, ఆయన చూసింది అలాంటి సందర్భాన్ని. ఇష్టాయిష్టాల గురించి మాట్లాడేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు, ఎవరు విన్నారు!

అంకెలు మరీ చక్కగా ఉంటే కూడా అనుమానించండి. చదివింది 10 శాతం గుర్తుంటుంది, విన్నది 20, చూసింది 30, ఇలా పెరుగుతూ 90 దాకా పోయే పిరమిడ్ ఒకటి తిరుగుతుంటుంది, కింద ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ ఎడ్యుకేషన్ ప్రొఫెసర్ పేరుంటుంది. డేల్ 1946లో తన పుస్తకంలో వేసిన అసలు శంకువు బొమ్మలో ఒక్క శాతం కూడా లేదు. ఎవరో తర్వాత అతికించారు. మనుషుల జ్ఞాపకశక్తి కొలిస్తే అన్నీ సున్నాతోనే ముగుస్తాయా?

ఇంకోటి, దారిలో ఏ మాట రాలిపోయిందో చూడండి. "21 రోజులు చేస్తే అలవాటైపోతుంది" అన్నది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసినదాన్నుంచి వచ్చింది. కొత్త ముఖానికి అలవాటు పడటానికి పేషెంట్లకి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. 'కనీసం' పోయింది, 21 మిగిలింది. తర్వాత లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనంలో ఒక పని అలవాటవడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది, వరసలో సరిగ్గా మధ్యనున్న అంకె 66. జిమ్ మెంబర్‌షిప్ కట్టి నాలుగో వారంలో మానేసినవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు.

చివరగా, ఆ అంకెని తీసేస్తే పాయింట్ నిలబడుతుందా అని చూసుకోండి. నిలబడితే అంకె అక్కర్లేదు. నిలబడకపోతే స్లైడే తీసేయండి. అంకె ఉంచాల్సిందే అనుకుంటే ఎవరి మీద, ఎంతమందితో, ఏం కొలిచారో దాని పక్కనే ఒక లైన్ రాయండి.

నా 7-38-55 స్లైడ్ ఇప్పుడు లేదు. దాని బదులు "చూద్దాంలే" అన్న మాటని ముగ్గురిచేత మూడు రకాలుగా అనిపిస్తాను, సెలవు అడిగినప్పుడు మేనేజర్ అన్నట్టుగా. ఇందులో ఏది వింటే ఊరికి టికెట్ బుక్ చేసుకుంటారు అని అడగ్గానే క్లాసంతా రెండు జట్లై వాదించుకుంటుంది.