బంగ్లా, శ్రీలంక బట్టలు తెప్పిస్తున్నారా? అడ్వాన్స్ కట్టకముందే ఇవి చూసుకోండి

ఢాకా టీషర్టు రేటు చూసి ఆర్డర్ పెట్టేసేవాళ్లలో చాలామంది, సుంకం సంగతి సీహెచ్ఏ (కస్టమ్స్ పనులు చేసిపెట్టే ఏజెంటు) చూసుకుంటాడులే అనుకుంటారు. సరుకు రేవుకు చేరాక ఆయన చేయగలిగేది తక్కువ. పని మొత్తం అడ్వాన్స్ కట్టకముందే ఉంటుంది.

ముందు మీ సరుకుకి కోటా, అంటే సుంకం రాయితీతో ఇంతవరకే తేవచ్చు అనే పరిమితి, ఉందో లేదో తేల్చుకోండి. ప్రపంచమంతా ఉన్న పాత టెక్స్‌టైల్ కోటాలు 2005 జనవరి 1తో పోయాయి, ఇప్పుడు మనకు తగిలేవి దేశాల మధ్య ఒప్పందాల్లోవి. శ్రీలంక రెడీమేడ్‌కి ఏడాదికి 80 లక్షల పీసుల పరిమితి, నేపాల్ అక్రిలిక్ నూలుకి 10,000 టన్నులు, ఆస్ట్రేలియా పత్తికి 51,000 టన్నులు. గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లు వాళ్లు ఆ పత్తిని సుంకం లేకుండా తేవాలంటే ముందుగా డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) దగ్గర కోటా కేటాయింపు తీసుకోవాల్సిందే. బంగ్లాదేశ్ బట్టలకు సాఫ్టా (దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) కింద ఇలాంటి పరిమితి లేదు, సుంకం సున్నా. కానీ 2025 మే 17 నుంచి అక్కడి రెడీమేడ్ భూమార్గంలో రాకూడదు, కోల్‌కతా లేదా నవా శేవా ఓడరేవుల్లోనే దించాలి. పాత ట్రక్కు కిరాయి లెక్కతో రేటు మాట్లాడుకుంటే మునిగినట్టే.

కోటా ఉన్న సరుకైతే అందులో ఇంకా చోటుందా అని ఎగుమతిదారు చేత రాయించుకోండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. 2005 వేసవిలో చైనాతో కొత్త పరిమితులు ఒప్పుకున్నాక యూరప్ రేవుల్లో కోట్ల పీసులు ఆగిపోయాయి, చాలా షాపులు అప్పటికే డబ్బు కట్టేసి ఉన్నాయి.

ఇప్పుడు లాభం ఎంతో చూడండి. 10 లక్షల సరుకు మీద 20% బేసిక్ డ్యూటీ అంటే 2 లక్షలు, దాని మీద 10% సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 20 వేలు. ఒప్పందం వల్ల తప్పేది ఈ 2.2 లక్షలే (చాలా బట్టలకు పీసుకింత అని కూడా ఉంటుంది, రెంటిలో ఏది ఎక్కువైతే అది). ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) మాత్రం తప్పదు, పీసు 2,500 రూపాయల లోపుంటే 5%, దాటితే 18%.

అసలు తలనొప్పి సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌తోనే, అంటే సరుకు ఆ దేశంలోనే తయారైందని ఇచ్చే పత్రంతోనే. నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఒక లాట్‌లో రౌండ్ నెక్ టీషర్టులతోపాటు 40 కార్టన్లు కాలర్ ఉన్న పోలోలు వచ్చాయి. కస్టమ్స్ వాడే హెచ్‌ఎస్ కోడ్‌లో రౌండ్ నెక్ 6109, కాలరూ ముందు గుండీ పట్టీ ఉన్న మగవాళ్ల అల్లిక చొక్కా 6105. సప్లయర్ మొత్తానికీ 6109 అనే సర్టిఫికెట్ తీసుకున్నాడు, నేనూ చూడలేదు. కస్టమ్స్ వాళ్లు పోలోల మీద రాయితీ ఆపేశారు, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పంపారు, డిపాజిట్ కట్టి విడిపించుకునేసరికి డెమరేజ్ (రేవులో సరుకు ఆగినందుకు పడే అద్దె) బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి. అందుకే ప్యాకింగ్ లిస్టు, ఇన్‌వాయిస్, సర్టిఫికెట్ డ్రాఫ్టు మూడూ పక్కపక్కన పెట్టుకుని కోడ్, పీసులు, బరువు వరస వరసకీ పోల్చి చూశాకే షిప్‌మెంట్‌కి సరే అనండి.

సర్టిఫికెట్ ఉంటే చాలదు కూడా. 2020 సెప్టెంబర్ 21 నుంచి అమల్లో ఉన్న కారోటార్ రూల్స్ (ఒప్పందాల కింద రాయితీ అడిగే దిగుమతులకు కస్టమ్స్ నిబంధనలు) ప్రకారం ఆ బట్ట అక్కడే తయారైందనడానికి వివరాలు మీ దగ్గర ఉండాలి. గుడ్డ ఎక్కడిది, నూలు ఎక్కడిది, ధరలో బయటి ముడిసరుకు వాటా ఎంత అన్నవి ఫారం-1లో నింపి పెట్టుకుని, అయిదేళ్లు దాచాలి. అధికారి అడిగితే 10 పనిదినాల్లో ఇవ్వాలి, అప్పుడు ఢాకాకి ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు. సాఫ్టాలో బంగ్లాదేశ్‌కి బయటి ముడిసరుకు 70% వరకు ఒప్పుకుంటారు, పైగా హెచ్‌ఎస్ హెడ్డింగ్ (కోడ్‌లో మొదటి నాలుగంకెలు) బయటి ముడిసరుకుకి ఒకటి, తయారైన బట్టకి వేరొకటి అయి ఉండాలి. చైనా గుడ్డ తెచ్చి కుట్టారంటే భయపడక్కర్లేదు, లెక్క చూపిస్తే చాలు. సప్లయర్ ధరల వివరాలివ్వనంటే నేనైతే ఆర్డరే పెట్టను.

ఇంకొకటి, బట్టలో నిషేధించిన అజో రంగులు (హానికరమైన ఒక రకం అద్దకం రంగులు) లేవని గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి షిప్‌మెంట్‌కి ముందే సర్టిఫికెట్ తెప్పించుకోండి. లేకపోతే ఇక్కడ శాంపిల్ తీసి టెస్టుకి పంపుతారు, పండగ సీజన్ సరుకైతే అక్కడే సీజన్ అయిపోతుంది.