ఎడిటర్ లేని కార్టూనిస్టు ఎలా పనిచేయాలి

పత్రికలో ఉద్యోగం చేసే కార్టూనిస్టుకు పైన ఎడిటర్ ఉంటాడు. ఐడియా పేలవంగా ఉంటే తిప్పికొడతాడు, పేరులో అక్షరం తప్పు పోతే పట్టుకుంటాడు, పేజీలో ఎంత చోటుందో ముందే చెబుతాడు. నోటీసు వస్తే సంస్థ లాయరు చూసుకుంటాడు. సొంతంగా గీసుకునేవాళ్లకు ఇవన్నీ తమ నెత్తినే పడతాయి. మంచి గీత ఉండి కూడా రెండేళ్లకే చేతులెత్తేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ మిగతా పనుల దగ్గరే.

ఐడియా తేల్చుకోవడం

పొద్దున గంటసేపు వార్తలు చదవండి. గీయాలనుకున్న వార్తను కనీసం రెండు చోట్ల, చివరిదాకా చదవాలి. హెడ్డింగ్ చూసి గీసిన కార్టూన్ సాయంత్రానికి అబద్ధమైపోవచ్చు. తర్వాత ఆ వార్త మీద మీరు అనదలచుకున్నది ఒక్క వాక్యంలో రాయండి. అందులో 'కానీ' రాకపోతే కార్టూన్ రావడం కష్టం. 'వరద సాయం ప్రకటించారు' అనేది వార్తే తప్ప కార్టూన్ కాదు. 'వరద సాయం ప్రకటించారు, కానీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి' అన్నాక బొమ్మ కదులుతుంది.

ఇప్పుడు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద చదరాల్లో ఆరేడు రఫ్‌లు, అంటే ఐడియా తెలిసేలా గబగబా గీసే చిత్తు బొమ్మలు వేయండి. మొదటి రెండూ అందరికీ తట్టేవే అయి ఉంటాయి: హెలికాప్టర్‌లోంచి చూస్తున్న నాయకుడు, నీళ్లలో తేలుతున్న ఫైళ్లు. వాటిని పక్కన పెట్టేయండి. నాలుగోదో ఐదోదో ఇలా వస్తుంది: ఇంటి కప్పు మీద కుటుంబం, దగ్గరికొచ్చిన పడవ, పడవలోని ఉద్యోగి చేతిలో లైఫ్ జాకెట్ బదులు క్యూఆర్ కోడ్ బోర్డు. దీనికి మాటలు అక్కర్లేదు. 'ఆన్‌లైన్ దరఖాస్తు' అని బోర్డు మీద రాయాలనిపిస్తుంది, రాయకండి.

రఫ్‌ని ఆ వార్త తెలిసిన ఒకరికి చూపించి నోరు మూసుకోండి. 'ఇది ఎవరు?' అని అడిగితే లోపం బొమ్మలో ఉంది, మళ్లీ గీయొచ్చు. 'అయితే ఏంటి?' అంటే లోపం ఐడియాలో ఉంది, గీత ఎంత దిద్దినా బాగుపడదు. మీరు వివరించాల్సి వస్తే ఆ రఫ్ వదిలేయడమే మంచిది.

ముఖం, ఎవరి మీద విసురు

పోలిక రావాలంటే ముక్కు పెద్దది చేస్తే చాలదు. నుదురు, కళ్లు, గడ్డం మధ్య దూరాల్లో మామూలు ముఖానికి ఎక్కడ తేడా ఉందో కొలిచి, ఆ ఒక్క తేడానే సాగదీయాలి. ఫ్రాన్సులో వ్యంగ్య పత్రిక నడిపిన షార్ల్ ఫిలిపాన్, రాజును అవమానించాడన్న కేసులో 1831లో కోర్టులోనే లూయీ ఫిలిప్ రాజు ముఖాన్ని నాలుగు బొమ్మల్లో మెల్లగా బేరిపండుగా మార్చి చూపించాడు. శిక్ష పడింది కానీ, ఆ తర్వాత బేరిపండు బొమ్మ గోడ మీద కనిపించినా రాజే గుర్తొచ్చేవాడు. అమెరికాలో కార్టూనిస్టు థామస్ నాస్ట్ న్యూయార్క్ నాయకుడు ట్వీడ్ అవినీతిని వరసగా గీశాడు. జైలు తప్పించుకుని పారిపోయిన ట్వీడ్‌ను 1876లో స్పెయిన్ అధికారులు నాస్ట్ గీసిన ఒక కార్టూన్ ఆధారంగానే గుర్తుపట్టారు. బొమ్మకున్న బలం ఇది: భాష రానివాడికీ అందుతుంది, అందుకే గురి తప్పితే దెబ్బా పెద్దదే. మనిషి చేసిన పనిని, అతని చేతిలోని అధికారాన్ని గీయండి. కులం, రంగు, వైకల్యం, ఆడవాళ్ల శరీరం మీద తీసిన నవ్వు విషయాన్ని పక్కదారి పట్టిస్తుంది. మర్నాడు చర్చంతా మీ మీదే నడుస్తుంది, మీరు గీసిన నాయకుడు హాయిగా తప్పించుకుంటాడు.

గీత, అక్షరాలు

అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు పెద్దగా గీయండి. కుదించినప్పుడు చిన్న వణుకులు కనబడవు. మూడు రెట్లు పెద్దగా గీస్తే మాత్రం 0.3 మి.మీ. గీత 0.1కి దిగిపోతుంది, న్యూస్‌ప్రింట్ మీద తెగిపోతుంది. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) నున్నటి బ్రిస్టల్ బోర్డు, అంటే బొమ్మలు గీసే దళసరి కాగితం చాలు. పెన్సిల్ హెచ్‌బీ, అదీ నొక్కకుండా. అంతకంటే గట్టిదైన 2హెచ్ కాగితం మీద గాడి చేస్తుంది, ఇంకు ఆ గాడిలోకి పారుతుంది. కొత్త పాళీ మీద నూనె పూత ఉంటుంది, సబ్బునీళ్లతో తుడవకపోతే ఇంకు చుక్కలుగా విడిపోతుంది. ఇంకు పూర్తిగా ఆరకముందే రబ్బరు పెడితే నల్ల గీత బూడిద రంగుకు మారుతుంది. పావుగంట ఓపిక పట్టండి.

అక్షరాలు ముందు రాసి, తర్వాత వాటి చుట్టూ మాటల బుడగ గీయండి. బుడగ ముందు గీస్తే చివరి పదం ఇరుక్కుపోతుంది. తెలుగులో ఇంకో చిక్కుంది: పై వరసలోని వత్తులు, కింది వరసలోని గుడులు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. అందుకే అక్షరం ఒళ్లు 4 మి.మీ. అయితే వరసల మధ్య ఖాళీ కూడా కనీసం అంతే వదలాలి. కంప్యూటర్లో టైపు చేసేవాళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి) కాని ఫాంటు వాడితే అవతలి వాళ్ల దగ్గర అక్షరాలు చెత్తగా తెరుచుకుంటాయి, ఔట్‌లైన్స్‌గా, అంటే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చే పంపాలి. మార్చాక వత్తులన్నీ తమ చోట ఉన్నాయో లేదో ఒక్కో పదం చూసుకోండి. ఇక్కడ తొందరపడితే నవ్వులపాలయ్యేది మనమే.

స్కాన్ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్ (రంగులు లేకుండా నలుపు, బూడిద, తెలుపు మాత్రమే). ఏ4 బొమ్మ దాదాపు 4960×7016 పిక్సెళ్లు వస్తుంది. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని లెవెల్స్‌లో కాగితం తెల్లగా, ఇంకు నల్లగా అయ్యేలా సర్ది టిఫ్ ఫైలుగా దాచండి. అచ్చుకు ఆర్‌జీబీ (తెర కోసం వాడే రంగుల పద్ధతి) ఫైలు పంపితే నలుపు నాలుగు అచ్చు రంగులుగా విడిపోతుంది, ఒక్కో రంగుకు ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన రంగు నీడ పడుతుంది. నలుపు బొమ్మను గ్రేస్కేల్‌లోనే ఇవ్వండి. ఫోనుకు 1080×1350 పిక్సెళ్ల కాపీ వేరుగా చేసి, ఫోనులోనే తెరిచి, జూమ్ చేయకుండా మాటలు చదవగలుగుతున్నారో చూడండి.

కాగితాలు, డబ్బు

ప్రతి కార్టూనుకూ తేదీతో ఒక ఫోల్డరు. అందులో ఒరిజినల్ స్కాన్, అచ్చు ఫైలు, ఫోను ఫైలు, ఆ వార్తల స్క్రీన్‌షాట్లు. కార్టూన్‌లో అంకె, తేదీ, ఎవరో అన్నట్టు చూపిన మాట ఉంటే దాని ఆధారం ఈ ఫోల్డర్లో ఉండి తీరాలి. నోటీసు వచ్చాక వెతికితే పేజీ మారిపోయి ఉంటుంది. నోటీసుకు సోషల్ మీడియాలో జవాబు చెప్పకండి, బొమ్మ హడావుడిగా తీసేయకండి. ముందు లాయరుకు చూపించండి. మొత్తం ఫోల్డర్లకు మూడు కాపీలు ఉంచాలి, వాటిలో ఒకటి ఇంటి బయట.

గీసే ముందే నాలుగు విషయాలు మెయిల్‌లో రాయించుకోండి: ఎక్కడ వాడతారు, ఎంతకాలం, ఎంత డబ్బు, ఎన్ని రోజుల్లో ఇస్తారు. ఫోనులో అనుకున్నది కూడా 'మీరు చెప్పిన ప్రకారం' అని మెయిల్ పెట్టేయండి. 'అన్ని హక్కులూ మావే' అనే వాక్యం ఒప్పుకుంటే రేపు మీ బొమ్మలతో మీరు పుస్తకం వేసుకోవాలన్నా వాళ్లనే అడగాలి. ఒకసారి ప్రచురణకు మాత్రమే హక్కు ఇవ్వడం మేలు, మళ్లీ వాడితే మళ్లీ డబ్బు. రఫ్ ఒప్పుకుని, పూర్తి బొమ్మ అందాక వద్దంటే సగం ఇవ్వాలని కూడా ముందే రాసుకోండి. ఆదాయంలో సగానికి మించి ఒక్కరి దగ్గర్నుంచే వస్తుంటే ఆ ఒక్కరే మీ ఎడిటర్ అయిపోయినట్టు లెక్క. గీయలేని విషయాల జాబితా ఎవరూ చెప్పకుండానే మీ బుర్రలో తయారవుతుంది. బొమ్మలు కొనే నలుగురు చిన్న క్లయింట్లు, నెలకు కొద్దికొద్దిగా ఇచ్చే పాఠకులు, ఒరిజినల్స్ అమ్మకం కలిస్తే గొంతు కాస్త స్వేచ్ఛగా ఉంటుంది.

సంతకం మూలన వేయొద్దు, కత్తిరించి వాడుకోవడానికి అది మహా సులువు. గోడ ఇటుకల మీదో, కుర్చీ కాలి పక్కనో, బొమ్మను చెడగొట్టకుండా తీయలేని చోట వేయండి, పక్కనే సంవత్సరం కూడా.