అనంతపురం నుంచి బరువైన పార్సిల్ పంపేటప్పుడు రేట్లను, అదనపు ఛార్జీలను పోల్చి చూడడం ఎలా?

అనంతపురంలో ఏ కొరియర్ ఆఫీసు మెట్లెక్కినా, ఏ ట్రాన్స్‌పోర్టు గోడౌన్ ముందు ఆటో ఆపినా మనం మొదట అడిగేది "కిలోకి ఎంత?" అనే. కాగితాల కవరుకో, రెండు కిలోల మిఠాయి పెట్టెకో ఆ ప్రశ్న సరిపోతుంది. ముప్ఫై, నలభై కిలోల సరుకు విషయంలో మాత్రం కిలో ధర బిల్లులో ఒక వరుసకే పరిమితం. దాని కింద డాకెట్ ఛార్జీ, ఫ్యూయల్ సర్‌ఛార్జీ, రిస్కు ఛార్జీ (సరుకు పోయినా, పాడైనా పరిహారం కోసం కట్టేది), దూరపు ఊరి డెలివరీ ఛార్జీ, హమాలీ, జీఎస్టీ ఒకదాని వెంట ఒకటి చేరుతాయి. కిలోకి తక్కువ చెప్పిన ఆఫీసే చివరికి ఎక్కువ వసూలు చేయడం ఈ వ్యాపారంలో మామూలు సంగతి. కాబట్టి మీ పెట్టె కొలతలు, చేరవలసిన పిన్‌కోడ్ చెప్పి, జీఎస్టీతో సహా చేతి నుంచి పోయే మొత్తం ఎంతో ప్రతి ఆఫీసు దగ్గరా రాయించుకుని, ఆ మొత్తాలనే పోల్చాలి.

ముందు ఇంటి దగ్గరే తూకం, కొలత

సరుకును పూర్తిగా ప్యాక్ చేసిన తరువాతే తూచాలి. రుబ్బురోలు వంటి రాతి వస్తువును చెక్క పట్టీల పెట్టెలో బిగించక తప్పదు, ఆ చెక్కే నాలుగైదు కిలోలు తూగుతుంది, దానికీ కిరాయి పడుతుంది. ఇంట్లో కాటా లేకపోతే తెలిసిన హోల్‌సేల్ కిరాణా కొట్టులోనో, మండీలోనో తూచి అంకె రాసుకోండి. కొలతలు తీసేటప్పుడు పెట్టె ఉబ్బిన చోటనే టేపు పెట్టాలి, ఎందుకంటే కంపెనీ కూడా అక్కడే పెడుతుంది. గోనె మూట అయినా, గుండ్రటి డ్రమ్ము అయినా దాని చుట్టూ పట్టే చదరపు పెట్టెగానే లెక్కకడతారు. బయటికి పొడుచుకొచ్చిన హ్యాండిల్ సైతం కొలతలో చేరుతుంది. పెద్ద కంపెనీల హబ్బుల్లో పార్సిల్ బెల్టు మీద కదులుతుండగానే యంత్రాలు బరువునూ కొలతలనూ నమోదు చేస్తాయి. కౌంటర్‌లో రాసిన అంకెకు, అక్కడ వచ్చిన అంకెకు తేడా ఉంటే ఆ తేడా సొమ్మును తరువాత అడుగుతారు. అందుకే మూడు వైపులా టేపు కనిపించేలా, కాటా అంకె స్పష్టంగా చదవగలిగేలా ఫోటోలు తీసి ఉంచుకోవడం మంచిది. వివాదం వచ్చినప్పుడు నోటిమాట కంటే ఆ ఫోటోకే విలువ.

ఏ బరువుకు కిరాయి?

అసలు లెక్క మారిపోయేది ఇక్కడే కాబట్టి దీని మీద కొంత సమయం పెట్టక తప్పదు. లారీలో, విమానంలో బరువుతో పాటు చోటు కూడా అమ్ముడవుతుంది. అందుకని కంపెనీలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి, ఒక అంకెతో భాగించి, వాల్యూమెట్రిక్ బరువు అనే రెండో బరువును రాబడతాయి; అసలు బరువు, ఈ బరువులలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి కడతాయి. ఎక్స్‌ప్రెస్, విమాన సర్వీసుల్లో ఆ భాగించే అంకె సాధారణంగా 5000. రోడ్డు మీద వెళ్లే సర్‌ఫేస్ కార్గోలో లెక్క వేరు: 27,000 ఘన సెంటీమీటర్లను ఒక ఘనపుటడుగుగా తీసుకుని, అడుగుకు 6 కిలోలనో, 8 కిలోలనో, 10 కిలోలనో వేస్తారు. (నిజానికి ఘనపుటడుగు అంటే 28,317 ఘన సెంటీమీటర్లు; ఆ చిన్న తేడా కూడా పంపేవారి ఖాతాలోనే పడుతుంది.)

రెండు వస్తువులను తీసుకుందాం. విశాఖపట్నంలో కాపురం పెట్టిన కూతురికి పంపే రుబ్బురోలు, పొత్రం కలిపి చెక్కపెట్టెతో 42 కిలోలు ఉంది, పెట్టె కొలత 45 × 45 × 40. హెచ్చిస్తే 81,000. దాన్ని 5000తో భాగిస్తే 16.2 కిలోలు, అడుగుకు 10 కిలోల లెక్కన చూసినా 30 కిలోలే. ఎవరి పద్ధతిలోనైనా అసలు బరువైన 42 కిలోలకే కిరాయి పడుతుంది, కాబట్టి రాయి, ఇనుము, మోటార్ల వంటి వాటికి ఈ గొడవ లేదు.

అదే కూతురికి బూరుగు దూది పరుపు పంపాలనుకోండి. మడిచి కట్టిన మూట 100 × 60 × 50, కాటా మీద 22 కిలోలు. 5000తో భాగిస్తే 60 కిలోలు. అడుగుకు 6 కిలోల లెక్కన దాదాపు 67, 8 కిలోల లెక్కన దాదాపు 89, 10 కిలోల లెక్కన 111 దాటుతుంది. ఒకే మూట, ఒకే కాటా, అయినా ఆఫీసు మారితే బరువు 60 నుంచి 112కు మారిపోతోంది. ఒకరు కిలోకి 14 రూపాయలని, మరొకరు 19 రూపాయలని చెప్పారనుకుంటే, 112 కిలోల లెక్క వేసే మొదటివారి కిరాయి 1,568 రూపాయలు, 60 కిలోల లెక్క వేసే రెండోవారిది 1,140. అందుచేత దూది, ప్లాస్టిక్ సామాను, ఖాళీ డబ్బాల వంటి చోటు తినే సరుకుకు "మీరు ఏ అంకెతో భాగిస్తారు, అడుగుకు ఎన్ని కిలోలు వేస్తారు?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి. కిలో ధర తరువాత సంగతి. పరుపును గట్టిగా చుట్టి తాళ్లతో బిగిస్తే మిగిలే సొమ్ము, కౌంటర్‌లో గంటసేపు బేరమాడినా మిగలదు.

ఇక్కడే మరో రెండు విషయాలు కనుక్కోవాలి. వచ్చిన బరువును పై కిలోకు పెంచుతారా, ఐదు కిలోల మెట్లలో పెంచుతారా అన్నది ఒకటి. కనీస బరువు ఎంత అన్నది రెండోది; సర్‌ఫేస్ కార్గోలో 20 కిలోలో, అంతకు మించో కనీసంగా పెట్టుకుని, మీది 12 కిలోలైనా ఆ కనీసానికే బిల్లు వేసే కంపెనీలు ఉన్నాయి.

కిలో ధర కింద ఉండే వరుసలు

డాకెట్ ఛార్జీ లేదా ఎల్.ఆర్. (లారీ రశీదు) ఛార్జీ అనేది రశీదు రాసినందుకు తీసుకునే ఒకే మొత్తం. ఒకే చిరునామాకు వెళ్లే మూడు పెట్టెలను ఒకే డాకెట్ మీద బుక్ చేస్తే దాన్ని ఒక్కసారే కడతారు. విడివిడిగా రాయిస్తే మూడుసార్లు.

ఫ్యూయల్ సర్‌ఛార్జీ శాతాల్లో ఉంటుంది, డీజిల్ ధరను బట్టి కంపెనీలు మారుస్తుంటాయి కనుక నిరుడు చెప్పిన రేటు ఈ ఏడు పనికిరాదు. శాతం ఎంతో అడిగి ఊరుకోకుండా, అది దేని మీద వేస్తారో కూడా అడగండి. కిరాయి మీద మాత్రమే వేసేవారూ ఉన్నారు, మిగతా ఛార్జీలన్నీ కలిపిన మొత్తం మీద వేసేవారూ ఉన్నారు.

లెక్క ఎలా తిరగబడుతుందో ఆ 42 కిలోల రోలు మీదే చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, ఏ కంపెనీవీ కావు. మొదటి ఆఫీసు కిలోకి 14 రూపాయలంది: కిరాయి 588, దాని మీద 20 శాతం ఫ్యూయల్ 117.60, డాకెట్ 100, రిస్కు ఛార్జీ కనీసం 100, కలిపి 905.60. దానికి 18 శాతం జీఎస్టీ చేరిస్తే 1,068 రూపాయల 61 పైసలు. రెండో ఆఫీసు కిలోకి 19 రూపాయలంది, ఫ్యూయల్, రిస్కు అందులోనే: కిరాయి 798, డాకెట్ 50, జీఎస్టీతో 1,000 రూపాయల 64 పైసలు. కిలోకి ఐదు రూపాయలు ఎక్కువ చెప్పినవారి దగ్గరే 68 రూపాయలు మిగిలాయి. బరువు పెరిగేకొద్దీ డాకెట్, రిస్కు వంటి స్థిరమైన ఛార్జీల ప్రభావం తగ్గుతుంది కాబట్టి, ఇదే రేట్లతో 100 కిలోలు పంపితే మొదటి ఆఫీసే చవక. ఒకసారి వేసిన లెక్కను వేరే బరువుకు వాడకూడదని చెప్పడానికే ఈ మాట.

కొరియర్ సేవల మీద జీఎస్టీ 18 శాతం. లారీ ట్రాన్స్‌పోర్టు సంస్థల్లో 5 శాతం పద్ధతి కూడా ఉంది, కనుక వ్యాపారులు తమ జీఎస్టీ నంబరు ఉన్నప్పుడు పన్ను ఎవరు కట్టాలో బుకింగ్‌కు ముందే తేల్చుకోవాలి.

చేరే ఊరి పిన్‌కోడ్

అన్నిటికంటే పెద్ద దెబ్బ కొట్టేది ఓడీఏ ఛార్జీ, అంటే కంపెనీ మామూలు డెలివరీ పరిధికి బయట ఉన్న ఊరికి వేసే అదనపు మొత్తం. పిన్‌కోడ్ మొదటి మూడంకెలు చూసి మోసపోవద్దు. అనంతపురం నగరం 515001 కాగా, జిల్లాలోని మారుమూల ఊళ్ల పిన్‌కోడ్‌లు కూడా 515తోనే మొదలవుతాయి. కడపకు 516, కర్నూలుకు 518 కూడా అంతే. నగరానికి ఇచ్చిన రేటు ఊరికి వర్తించదు. ఓడీఏను కిలోకి ఇంత, కనీసం ఇంత అని వేస్తారు. ఆ కనీసం 500 రూపాయలైతే పై ఉదాహరణలో మొదటి బిల్లు జీఎస్టీతో కలిపి మరో 590 పెరుగుతుంది. ఇలాంటప్పుడు దగ్గరి పట్టణంలోని బ్రాంచికి గోడౌన్ డెలివరీ రాయించి, అక్కడి నుంచి ఆటోలో తెప్పించుకోవడమే నా దృష్టిలో తెలివైన పని. అయితే ఉచితంగా ఉంచే గడువు దాటితే డెమరేజ్, అంటే నిల్వ ఛార్జీ, పడుతుంది కాబట్టి, తీసుకునేవారికి ఆ గడువు ముందే చెప్పాలి.

దూరం విషయంలోనూ ఒక చిక్కు ఉంది. 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు మనకు సుమారు 215 కిలోమీటర్లే, విశాఖ దానికి మూడు రెట్లకు పైగా దూరం. అయినా రాష్ట్రాల వారీగా జోన్లు వేసుకున్న కంపెనీ దగ్గర విశాఖ "లోపలి రాష్ట్రం" రేటుకు, బెంగళూరు "బయటి రాష్ట్రం" రేటుకు వస్తాయి. బెంగళూరుకు పంపేవారు జోన్లను దూరాన్ని బట్టి వేసే కంపెనీని వెతుక్కోవడం మేలు.

కొరియర్ ఒక్కటే దారి కాదు

తపాలా శాఖ స్పీడ్ పోస్టులో పార్సిల్ 35 కిలోలకు మించకూడదు. ఆ లోపు బరువుతో పల్లెకు పంపాల్సి వస్తే దీన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే ఓడీఏ అనే వరుస అక్కడ ఉండదు. ఏపీఎస్ఆర్టీసీ పార్సిల్ సర్వీసు బస్టాండు నుంచి బస్టాండుకు వేగంగా చేరుస్తుంది, రాష్ట్రంలోని పట్టణాలకు వెళ్లే రోలు, బియ్యం మూట, మోటారు వంటి వాటికి ముందు అక్కడే అడుగుతాను. రైల్వే పార్సిల్‌కు అనంతపురం, ధర్మవరం, గుంతకల్లు స్టేషన్లు ఉన్నాయి. దూర రాష్ట్రాలకు ఇది కలిసొచ్చినా, రెండు చివరలా రవాణా, హమాలీ మీదే. విజయవాడ కేంద్రంగా ఉన్న నవత, హుబ్బళ్లి కేంద్రంగా ఉన్న వీఆర్‌ఎల్ వంటి లారీ ట్రాన్స్‌పోర్టులు 50 కిలోలు దాటిన సరుకుకు సహజమైన చోటు. ఏ దారి ఎంచుకున్నా ఇంటి నుంచి కౌంటర్‌కు ఆటో, దించే హమాలీ, అవతలివైపు మళ్లీ ఆటో, హమాలీ కలిపితేనే అది డోర్ డెలివరీ బిల్లుతో పోల్చదగిన అంకె అవుతుంది.

ఒక్క మనిషి ఎత్తలేని పెట్టెకు హ్యాండ్లింగ్ ఛార్జీ పడవచ్చు, ఆ పరిమితి కంపెనీని బట్టి మారుతుంది. విడదీయగల సరుకైతే, ఉదాహరణకు పుస్తకాలో వేరుశనగలో అయితే, 50 కిలోల ఒక్క పెట్టెకు బదులు 25 కిలోల రెండు పెట్టెలు కట్టి ఒకే డాకెట్ మీద పంపండి. రోలును విడదీయలేము గాని, పొత్రాన్ని వేరే పెట్టెలో పెట్టవచ్చు. రాయికి రాయి తగిలి పగిలే ప్రమాదమూ తప్పుతుంది.

విలువ, కాగితాలు

రిస్కు ఛార్జీని దండగ అనుకునేవారు చాలామంది. క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007, దాని నియమాల ప్రకారం, పంపేవారు ఎక్కువ విలువను ప్రకటించి దానికి తగిన ఛార్జీ కట్టకపోతే, లారీ ట్రాన్స్‌పోర్టు సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్ల వద్ద ఆగిపోతుంది. 600 రూపాయల కిరాయికి అది 6,000. రుబ్బురోలుకు సరిపోతుంది; ధర్మవరం పట్టుచీరల మూటకు ఏ మూలకూ చాలదు. అలాంటి సరుకుకు అసలు విలువ రాయించి, "ఓనర్స్ రిస్క్" (నష్టం సరుకు యజమానిదే) అన్న ముద్ర పడిందో లేదో రశీదులో చూసుకోవాలి. విలువ 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కావాలి, వాడిన ఇంటి సామానుకు మినహాయింపు ఉంది.

సరుకు చేరినప్పుడు పెట్టె చితికినా, తడిసినా, తీసుకునేవారు సంతకం పెట్టే ముందే డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాసి ఫోటో తీసుకోవాలి. లారీ ట్రాన్స్‌పోర్టు మీద దావాకు వెళ్లాలంటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి, కనుక ఎల్.ఆర్. కాపీని అప్పటివరకు పారేయవద్దు.