తోడేలు బొమ్మ ఉన్న రోమన్ కంచు నాణేన్ని చదవడం ఎలా?

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రీ.శ. 330లో కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) నగరాన్ని ప్రారంభించినప్పుడు, పాత రోమ్ గౌరవార్థం కూడా ఒక చిన్న కంచు నాణెం వేయించాడు. అది చేతికి రాగానే చాలామంది ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో తోమేస్తారు. దాదాపు పదిహేడు వందల ఏళ్ల నాటి అక్షరాలు నిలిచి ఉన్నది ఆ పచ్చని చిలుము పొరలోనే కాబట్టి, పొరతో పాటు అవీ పోతాయి. దయచేసి తోమకండి.

పది రెట్ల భూతద్దం, మడత పెట్టిన నూలు గుడ్డ, కాగితం, పెన్సిలు చాలు. నాణేన్ని అంచులతోనే పట్టుకుని, గుడ్డ మీదుగానే తిప్పాలి.

ముందుగా బొమ్మ వైపు చూడండి. శిరస్త్రాణం ధరించి ఎడమకు చూస్తున్నది రోమా దేవత, చక్రవర్తి కాదు. అతని పేరు ఈ నాణెం మీద ఎక్కడా ఉండదు. చుట్టూ ఉన్న మాట ‘ఉర్బ్స్ రోమా’, అంటే రోమ్ నగరం. లాటిన్‌లో అప్పట్లో ‘యు’కు బదులు ‘వి’ చెక్కేవారు కాబట్టి ఆ మాట ‘వి’తో మొదలవుతుంది. బొరుసు వైపు ఆడ తోడేలు తల వెనక్కి తిప్పి, తన పాలు తాగుతున్న, రోమ్ పుట్టుక కథలోని కవలలు రోములస్, రెమస్‌లను చూస్తూ ఉంటుంది. పైన రెండు నక్షత్రాలు ఉంటాయి.

అసలు కష్టం తోడేలు కాళ్ల కింది గీతకు దిగువన ఉంది. అక్కడి మూడు నుంచి ఆరు అక్షరాలే టంకశాల గుర్తు, తొందరపడి తప్పు చదివేదీ అక్కడే. ఫోన్ ఫ్లాష్ వేసి ఫొటో తీయడం పనికిరాదు, ఎందుకంటే ఎదురుగా పడే వెలుగు అరిగిన అక్షరాల నీడలన్నిటినీ మింగేస్తుంది. ఉదయం పూట కిటికీ నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురుకు సాటి ఏదీ లేదు.

అయితే ఆ వెలుతురు కూడా మోసం చేస్తుంది. వెలుతురు వచ్చే దిశలోనే సాగే గీతకు నీడ పడదు. అందుకే కిటికీ ఎడమవైపు ఉంటే ‘టి’ అక్షరం పై అడ్డగీత కనబడక అది ‘ఐ’లా తోస్తుంది. వెలుతురు కింది నుంచి వస్తే ఉబ్బెత్తు అక్షరం గుంటలా కనిపిస్తుంది. కాబట్టి నాణేన్ని పావు వంతు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కనిపించిన గీతల్నే, ఊహించినవి కలపకుండా, పెన్సిలుతో గీసుకుని, చివర ఆ బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ‘టి, ఆర్, పి’ అని తేలితే అది నేటి జర్మనీలోని ట్రియర్ టంకశాలలోని మొదటి కర్మాగారం వేసినది. చివర ‘ఎస్’ ఉంటే రెండవది.

నేను ఎక్కువగా దిద్దవలసి వచ్చే తప్పు మరొకటి ఉంది. ‘సి, ఓ, ఎన్, ఎస్’ కనబడగానే కాన్‌స్టాంటినోపుల్ అని రాసేస్తారు. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నగరానికి అప్పట్లో కాన్‌స్టాంటీనా అన్న పేరు ఉండేది కనుక అక్కడి నాణేల మీదా ఆ అక్షరాలే ఉంటాయి. ఆర్ల్‌లో కర్మాగారపు అక్షరం ముందు వస్తుంది, చివర ‘టి’ ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రీకు అక్షరం చివర వస్తుంది. నాణెం ముద్రించేటప్పుడు సుత్తి దెబ్బ పక్కకు పడి ఆ చివరలు నాణెం అంచు దాటిపోయి ఉంటే, టంకశాల పేరు రాయకుండా ఖాళీగా వదిలేయాలి.

ఇక బరువు, వ్యాసం కొలిచి రాసుకోండి; తొలినాటివి సుమారు 2.5 గ్రాములు, 17 మిల్లీమీటర్లు ఉంటాయి. కాగితపు కవరులోనే ఉంచండి, మెత్తని ప్లాస్టిక్ కవరు వద్దు. లేత ఆకుపచ్చ పొడి రాలుతూ కనిపిస్తే ఆ నాణేన్ని అదే రోజు మిగతావాటి నుంచి వేరు చేసి, పొడిగా ఉండే డబ్బాలో పెట్టండి.