అమెరికాలో కారు బైబ్యాక్: నోటరీ కాగితాలు తిరిగి రాకుండా పంపడం ఎలా?

లోపమున్న కారును వెనక్కి తీసుకుంటామని కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నాక గండం గడిచిందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ తరువాత నాలుగు పేజీల కాగితం రెండుసార్లు తిరిగి వచ్చింది. మొదటిసారి, నోటరీ ముద్ర స్కాన్‌లో కనిపించలేదన్నారు. రెండోసారి, పేరు సరిపోలలేదన్నారు. కారు నాదే, సంతకం నాదే, పేరూ మా నాన్న పెట్టినదే. అయినా సరిపోలలేదు.

అప్పుడు అర్థమైన సంగతి ఒక్కటే. కాగితాలు పరిశీలించే ఉద్యోగి మనల్ని ఎన్నడూ చూడలేదు. మనం నిజం చెబుతున్నామా లేదా అని తేల్చడం అతని పని కాదు. ఒక పత్రంలోని అక్షరాలు పక్క పత్రంలోని అక్షరాలతో కలిశాయా అన్నది మాత్రమే చూస్తాడు. ఈ వ్యాసంలోని ప్రతి మెట్టూ ఆ చూపును దృష్టిలో పెట్టుకుని రాసినదే.

ఈ తతంగం అమెరికాలో చాలామందికి తెలిసింది ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కేసుతో. ఉద్గారాల పరీక్షలను మోసగించే సాఫ్ట్‌వేర్ ఆ కార్లలో ఉందని 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ (ఈపీఏ) బయటపెట్టింది. 2016 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ న్యాయమూర్తి చార్లెస్ బ్రేయర్ ఒప్పందానికి ఆమోదం తెలిపారు. 2 లీటర్ల ఇంజన్ ఉన్న సుమారు 4.75 లక్షల కార్లు దాని పరిధిలోకి వచ్చాయి. గొడవ బయటపడక ముందు కారుకు ఉన్న విలువ, దానికి అదనంగా పరిహారం ఇచ్చారు. క్లెయిముల గడువు 2018 సెప్టెంబరు 1తో ముగిసింది. ఇప్పుడు ఎక్కువగా జరిగేవి లోపమున్న కారు కొన్నవారిని కాపాడే రాష్ట్రాల ‘లెమన్’ చట్టాల కింద ఒక్కో కారుకు విడివిడిగా కుదిరే ఒప్పందాలు. కంపెనీ ఏదైనా కాగితాల కట్ట మాత్రం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది.

1. ముందు ఉత్తరం చదవండి, తరువాతే కలం పట్టండి

ఆఫర్ ఉత్తరంతో పాటు సాధారణంగా వచ్చేవి: ఇకపై కంపెనీ మీద దావా వేయబోమని రాసిచ్చే విడుదల పత్రం, టైటిల్‌ను, అంటే కారు యాజమాన్య పత్రాన్ని, మార్చుకోవడానికి కంపెనీకి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ, కారు ఎన్ని మైళ్లు తిరిగిందో చెప్పే ఓడోమీటర్ ప్రకటన, అప్పు ఉంటే బ్యాంకు నుంచి తెప్పించాల్సిన బాకీ వివరం. వీటన్నిటికీ నోటరీ అక్కర్లేదు. నోటరీ గడి ముద్రించి ఉన్న పేజీలను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. అసలు ప్రతులను తపాలాలో పంపాలా, స్కాన్ చాలా అన్నది కూడా ఉత్తరంలోనే ఉంటుంది. అది స్పష్టంగా లేకపోతే ఈమెయిలులో అడిగి, జవాబును దాచుకోండి. ఫోనులో ఎవరో సరేనన్న మాట రేపు కాగితం తిరిగి వచ్చినప్పుడు అక్కరకు రాదు.

2. పేరు: తెలుగువారికి అసలు చిక్కు ఇక్కడే

ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. అమెరికా ఫారాలు దాన్ని చివర అడుగుతాయి. వెంకట సత్యనారాయణ అన్న పేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్సులో సగం దగ్గర తెగిపోతుంది, డీలర్ హడావిడిగా నింపిన టైటిల్‌లో ఒట్టి ‘వెంకట’ మిగులుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారి తిప్పలు ఇంకా విచిత్రం. వీసాలో వారి పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘పేరు తెలియదు’ అని సూచించే ‘ఎఫ్‌ఎన్‌యూ’ అన్న మూడక్షరాలు చేరతాయి. అవే లైసెన్సులోకీ పాకుతాయి. ఆ మూడక్షరాలు తన పేరేననుకుని పలకరించే క్లర్కులు ఎదురుకాని తెలుగువాడు అదృష్టవంతుడు.

కాబట్టి టైటిల్, లైసెన్సు, ఆఫర్ ఉత్తరం మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పేరును అక్షరం అక్షరం పోల్చండి. ఆఫర్ ఉత్తరంలో తప్పుంటే సంతకం చేయకుండానే వెనక్కి పంపి సరిచేయించుకోండి. ఇది వారికి చిన్న పని, మీకు నెల ఆదా. తేడా టైటిల్‌కూ లైసెన్సుకూ మధ్య ఉంటే, ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చెప్పే ప్రమాణ పత్రం ఒకటి రాసి దానికీ నోటరీ చేయించవచ్చు. అది అంగీకరిస్తారా, వారి సొంత నమూనా ఏదైనా ఉందా అని ముందే అడగండి. నా రెండో తిరస్కరణ ఈ ఒక్క పేజీతోనే తీరింది. అందులో పేరు రాసిన మూడు రకాలనూ మూడు వరుసల్లో పెట్టి, ఒక్కోటి ఏ పత్రంలో ఉందో రాశాను.

పేరుతో పాటు విన్ నంబరునూ, అంటే కారు గుర్తింపు సంఖ్యనూ, చూడండి. 17 అక్షరాలు, అంకెలు కలిసిన వరుస అది. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. అందువల్ల గుండ్రంగా కనిపించేదల్లా సున్నానే. చేతిరాతలో దాన్ని ఓ అక్షరంగా రాశారంటే అక్కడే దొరికిపోతారు.

3. టైటిల్‌లో ఎవరెవరు ఉన్నారు?

భార్యాభర్తల పేర్ల మధ్య ‘అండ్’ ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. కాలిఫోర్నియా వంటి చోట్ల ‘ఆర్’ (లేదా) ఉంటే ఒకరు చాలు. అప్పు తీరని కారైతే టైటిల్ బ్యాంకు దగ్గరే ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్ రూపంలో. అప్పు ఎప్పుడో తీరినా బ్యాంకు పేరు టైటిల్ మీద అలాగే ఉండిపోయిందేమో చూసుకోండి. ఉంటే దాన్ని తొలగించే పత్రం తెప్పించడానికి వారాలు పట్టవచ్చు. అందుకే ఈ పనిని మొదటి రోజే మొదలుపెట్టాలి. ఒహాయో, నార్త్ కరోలినా, ఓక్లహామా వంటి రాష్ట్రాల్లో టైటిల్ వెనక అమ్మేవారి సంతకానికి కూడా నోటరీ కావాలి. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో అక్కర్లేదు.

4. నోటరీ ఎదుట

మన ఊళ్లలో నోటరీ అంటే న్యాయవాది. కోర్టు ఆవరణలో బల్ల వేసుకుని, స్టాంపు కాగితం మీద ఎర్ర ముద్ర వేసే పెద్దమనిషి. అమెరికాలో నోటరీ చాలావరకు మామూలు ఉద్యోగి: బ్యాంకు గుమస్తానో, పార్సిళ్లు పంపే దుకాణంలో పనిచేసే అమ్మాయో. ఎదురుగా ఉన్నది మీరేనని, సంతకం మీ ఇష్టప్రకారమే చేశారని మాత్రం ఆమె ధ్రువీకరిస్తుంది. కాగితంలో రాసింది సరైనదా కాదా అన్నది ఆమెకు సంబంధం లేదు, సలహా ఇచ్చే అధికారమూ లేదు. మీ బ్యాంకులో ఖాతాదారులకు ఉచితంగా చేయవచ్చు. బయట కాలిఫోర్నియాలో ఒక్కో సంతకానికి గరిష్ఠంగా 15 డాలర్లు, టెక్సాస్‌లో మొదటి సంతకానికి 10 డాలర్లు.

ఇంటి దగ్గర సంతకం చేసి వెళ్లకండి. ధ్రువీకరణలు ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో సంతకం నాదేనని నోటరీ ఎదుట ఒప్పుకుంటే చాలు. రెండోదానిలో ఆమె ఎదుటే ప్రమాణం చేసి, ఆమె ఎదుటే సంతకం చేయాలి. రెండిట్లో ఏది కావాలో ఫారంలోని మాటలు చెబుతాయి. ఖాళీ గీతతో వెళ్తే ఏ రకమైనా ఇబ్బంది లేదు.

లైసెన్సు గడువు చూసుకోండి. హెచ్1బీ మీద ఉన్నవారికి లైసెన్సు గడువును చాలా రాష్ట్రాలు వీసా హోదాకే ముడిపెడతాయి. పొడిగింపు కోసం ఎదురుచూస్తున్న నెలల్లో లైసెన్సు గడువు దాటిపోయి ఉండవచ్చు. అప్పుడు భారత పాస్‌పోర్టు తీసుకువెళ్లండి. అయితే కొన్ని రాష్ట్రాల్లో దాన్ని షరతులతోనే ఒప్పుకుంటారు కాబట్టి ముందుగా ఫోను చేసి అడగడం మేలు.

ముద్ర పడగానే ధన్యవాదాలు చెప్పి లేచిపోవద్దు. రెండు నిమిషాలు అక్కడే కూర్చుని చూడండి. పై భాగంలో రాష్ట్రం, కౌంటీ రాశారా? అది మీరు ఉండే కౌంటీ కాదు, నోటరీ చేసిన చోటు ఉన్న కౌంటీ. తేదీలో నెల ముందుందా? మే 7వ తేదీని మన అలవాటున 7/5 అని రాస్తే వారికి అది జులై 5 అవుతుంది. జరగబోయే తేదీన చేసిన సంతకం ఎవరికీ చెల్లదు. నెలను అక్షరాల్లో రాస్తే ఆ పేచీ ఉండదు. ధ్రువీకరణలో మీ పేరు ఆఫర్ ఉత్తరంలో ఉన్నట్టే ఉందా? నోటరీ సంతకం, కమిషన్ (నోటరీగా ఆమెకు ఇచ్చిన అధికారం) గడువు తేదీ ఉన్నాయా? ముద్ర అక్షరాల మీద పడి అలుక్కుపోలేదు కదా? ఏదైనా తప్పితే తెల్ల రంగు పూయనివ్వకండి. కొత్త పేజీ మీద మళ్లీ చేయించుకోండి. అందుకే ప్రతి పేజీకీ ఒక ఖాళీ ప్రతిని వెంట తీసుకువెళ్లాలి.

కాలిఫోర్నియా నోటరీ తరచుగా, పైన గడి కట్టిన హెచ్చరిక ఉన్న తన సొంత ధ్రువీకరణ పేజీని విడిగా జత చేస్తారు. అది ఆ రాష్ట్ర నియమం. కంగారు పడవద్దు. కానీ ఆ విడి పేజీ మీద అది ఏ పత్రానికి చెందినదో, ఎన్ని పేజీలో రాయమని అడగండి.

5. ఒకరు ఇండియాలో ఉంటే

పురిటికి పుట్టింటికి వెళ్లిన భార్య సంతకం కావలసి రావడం తెలుగు ఇళ్లలో కొత్త కాదు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ సేవ ఉంది. ఒక్కో ముద్రకు 50 డాలర్లు, అపాయింట్‌మెంట్ తప్పనిసరి, సంతకం చేయని కాగితాలు, పాస్‌పోర్టు తీసుకువెళ్లాలి. ముద్రల లెక్కన డబ్బు కాబట్టి, నోటరీ కావలసిన పేజీలు ఎన్నో ముందే లెక్కపెట్టుకోండి.

ఆన్‌లైన్ వీడియో నోటరీ ఇంకో దారి. వర్జీనియా 2012లోనే దీన్ని మొదలుపెట్టింది, తరువాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. చిక్కల్లా గుర్తింపు పరీక్షలో ఉంది. మీ అమెరికా రికార్డుల నుంచి పాత చిరునామాలు, అప్పుల గురించి ప్రశ్నలు వేస్తారు. నిన్నగాక మొన్న వచ్చి, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారు అక్కడే ఆగిపోతారు. ఇక ఊళ్లో నోటరీ చేయించి, అంతర్జాతీయ ఒప్పందం కింద విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే అపోస్టిల్ ధ్రువీకరణ వేయించడం మూడో దారి. ఆ ఒప్పందంలో భారతదేశం 2005 నుంచి ఉంది. కానీ ఇది సుదీర్ఘమైన దారి, మొదటి రెండూ కుదరకపోతేనే చూడండి. ఏదైనా సరే, అంగీకరిస్తామని సెటిల్‌మెంట్ కార్యాలయం రాసి పంపాకే ఖర్చు పెట్టండి.

6. స్కాన్ చేసి పంపడం

నా మొదటి తిరస్కరణ కథ ఇది. మా నోటరీ సిరా ముద్రకు బదులు కాగితాన్ని నొక్కి ఉబ్బెత్తు ముద్ర వేశారు. చేతితో తడిమితే తెలుస్తుంది, స్కాన్‌లో మాత్రం తెల్ల కాగితమే. సిరా ముద్రే అడగండి. ఉబ్బెత్తుదే ఉంటే అది నల్లగా కనబడేలా దాని మీద పెన్సిలును అడ్డంగా రుద్దమని నోటరీనే కోరండి. స్కాన్ రంగుల్లో, అంచులు తెగకుండా, ఖాళీ వెనక పేజీలతో సహా, ఒక పత్రానికి ఒక ఫైలుగా చేయండి. ఫోనుతో తీసిన ఫోటోలో వేలి నీడ ముద్ర మీద పడితే మళ్లీ మొదటికే వస్తుంది. అసలు ప్రతులు పంపాల్సి వస్తే ట్రాకింగ్ ఉన్న తపాలాలోనే పంపి, రసీదు దాచండి.

తిరస్కరణ వస్తే లోపం ఏ పత్రంలో, ఏ పేజీలో, ఏ గడిలో అని ఈమెయిలులో అడగండి. ఆ ఒక్క పేజీనే మళ్లీ చేయించండి. కట్టంతా మార్చి పంపితే పరిశీలన మొదటి నుంచి జరుగుతుంది, ఈసారి ఇంకో తప్పు దొరుకుతుంది. గడువు దగ్గర పడుతుంటే దాన్ని పొడిగించమని అదే ఈమెయిలులో కోరండి.

7. కారు అప్పగించే రోజు

కాగితాలు ఆమోదం పొందాక డీలర్ దగ్గరికి రమ్మంటారు. లైసెన్సు, రెండు తాళంచెవులు, పత్రాల నకళ్లు పట్టుకెళ్లండి. ఓడోమీటర్‌ను ఫోటో తీసి, ఆ అంకే కాగితం మీద పడేలా చూడండి. అద్దం మీది టోల్ ట్యాగ్ ఊడదీసుకోండి. నంబరు ప్లేట్లు మీ దగ్గర ఉంచుకోవాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో అయితే యాజమాన్యం మారినట్టు 5 రోజుల్లోగా డీఎంవీకి (రాష్ట్ర వాహనాల శాఖకు) తెలియజేయాలి. కారు అప్పగించిన రసీదు చేతికి వచ్చాకే బీమా రద్దు చేయండి. అప్పు ఉంటే ఆ నెల వాయిదాను మాత్రం ఆపకండి. కంపెనీ పంపిన డబ్బు బ్యాంకు ఖాతాలో జమ అయ్యేవరకు బాకీ మీ పేరు మీదే ఉంటుంది, ఎక్కువ కట్టిన డబ్బును బ్యాంకు తరువాత తిరిగి పంపిస్తుంది.